యూసుఫ్ సాబ్ ఇంటి సముద్రం

మొన్న పంటి నొప్పి ఎక్కువై ఆర్మూర్‌లో కొత్తగా తెరిచిన పళ్ల దవాఖానకు పోయాను. పసుపు సీజన్ కాబట్టి మార్కెట్ వైపు నుంచి వచ్చే గాలి ఘాటుగా ఉంది. లోపలికి పోయి అద్దాల తలుపు మూయగానే ఆ ఘాటు తెగిపోయి ఇంకో వాసన తగిలింది. తడి ఉప్పు వాసన, అందులో కొంచెం నాచు. నేను ఇంకా తల తిప్పి చూడలేదు గాని, ఆ గదిలో ఎక్కడో సముద్రపు నీళ్ల అక్వేరియం ఉందని అప్పటికే తెలిసిపోయింది. గోడ పక్కనే ఉంది. నీలం దీపం కింద, రాళ్ల మధ్య, అరచేయంత చేప ఒకటి మూతి ముందుకు చాచి రాతిమీది నాచును గబగబా కొరుకుతోంది. నా పేరు రెండుసార్లు పిలిచారట. నాకు వినబడలేదు.

ఆ చేపను టాంగ్ అంటారు. సముద్రంలో పగడాల దిబ్బల మీద నాచు మేసి బతుకుతుంది. సముద్రం చూడాలంటే రాత్రంతా ప్రయాణం చేయాల్సిన ఈ ఊళ్లో, ఆ చేప పేరు, దాని ఆకలి, దాని రోగం అన్నీ నాకు తెలుసంటే అది యూసుఫ్ సాబ్ వల్లే. ఆయన గురించి ఎవరికైనా చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెప్పబోతే మధ్యలో నా సంగతి వస్తుంది. అక్కడ ఆగిపోయేదాన్ని.

డిగ్రీ అయిపోయిన ఏడాది నేను ఆయన వాటర్ ప్లాంటులో పనికి చేరాను. ముప్కాల్ నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. కింద ప్లాంటు, పైన వాళ్ల ఇల్లు. యూసుఫ్ సాబ్ ఇరవై రెండేళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చిన మనిషి. అక్కడ ఒక పెద్ద హోటల్లో గోడంత అక్వేరియం ఉండేదట. మొదట దాని అద్దాలు తుడిచే పనికి చేరి, చివరికి అందులోని ప్రాణాలన్నింటినీ చూసుకునే మనిషి అయ్యాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ మోచేతుల దాకా మడిచిన చొక్కాతో ఉండేవాడు. గొంతు పెంచి మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు.

నా పని నీళ్లను పరీక్షించడం. నీళ్లలో కరిగిన ఉప్పులెంతో చెప్పే చిన్న మీటర్ ఉంటుంది. పొద్దున, మధ్యాహ్నం అందులో వచ్చిన అంకెను నోటుబుక్కులో రాయాలి. చేరిన రెండో వారంలో ఒకరోజు బస్సు ఆలస్యమై, మీటర్ ముంచకుండానే నిన్నటి అంకె రాసేశాను. యూసుఫ్ సాబ్ వచ్చి నోటుబుక్కు చూశాడు. మీటర్ తీసి నీళ్లలో ముంచాడు. నేను రాసినదానికి దాదాపు రెండింతలు చూపించింది. రోజూ అంతే వస్తుంది కదా అని రాశానని గొణిగాను.

"రోజూ గంతే వచ్చేటట్టయితే మీటర్ ఎందుకు, నువ్వెందుకు?" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. మళ్లీ తనే, "మీటర్ల ఏమున్నదో గదే రాయాలె బిడ్డా. ఖరాబుంటే ఖరాబని రాయి. గట్ల రాస్తెనే కదా బాగు చేసుకుంటం" అన్నాడు.

ఆ రోజు ఏర్గట్లలో ఒక పెళ్లికి క్యాన్లు పోవాలి. వడపోత పొర పాడైందని తేలేదాకా, అది మార్చేదాకా ఒక్క క్యాను కూడా గేటు దాటనివ్వలేదు. పెళ్లివాళ్లకు తనే ఫోన్ చేసి, మా నీళ్లు ఇవాళ బాగాలేవు, ఇంకోచోట తెప్పించుకోండని చెప్పాడు. తన నీళ్లు బాగాలేవని తన నోటితో చెప్పే వ్యాపారిని నేను అప్పటిదాకా చూడలేదు. ఇంట్లో, కాలేజీలో నాకు అందరూ నేర్పింది తప్పు బయటపడకుండా చూసుకోవడమే. తప్పును ముందు మనమే బయటపెట్టుకోవచ్చని తెలిసింది ఆ రోజే.

కొన్నాళ్లకు మీటర్ పట్టుకుని పైకి రమ్మన్నాడు. ముందుగదిలో గోడ పొడుగునా ఆరడుగుల అద్దాల తొట్టి. లోపల రాళ్లు, రాళ్ల మీద పువ్వుల్లా విచ్చుకుని మూసుకునే పగడాలు, రెండు నారింజ రంగు చారల చేపలు. మా ప్లాంటు నీళ్లలోనే డబ్బాల్లో అమ్మే సముద్రపు ఉప్పు కొలిచి కలిపి ఆయన సముద్రం తయారు చేసుకున్నాడు. నేను నోరు తెరుచుకుని నిలబడితే ఆయన భార్య రజియమ్మ టీ గ్లాసు చేతికిస్తూ, "ఇరవై రెండేండ్లు సముద్రం అవుతల ఉన్నడు. వస్తవస్త సముద్రాన్నే ఎంట తెచ్చుకున్నడు" అని నవ్వింది. ఆ రోజు నుంచి కింది నీళ్లతోపాటు పైనీళ్లు చూడటం కూడా నా పనైంది. ఉప్పు ఎంత, వేడి ఎంత అని ఇంకో నోటుబుక్కులో రాసేదాన్ని. చేపలకు మేత వేసేదీ నేనే.

ఆ మేతలోనే మొదటి తప్పు జరిగింది. చేపలు పైకి వచ్చి మూతులు తెరిస్తే ఆకలేమోనని ఇంకో చిటికెడు వేసేదాన్ని. రెండు నెలలు తిరిగేసరికి రాళ్ల మీద ఆకుపచ్చని వెంట్రుకల్లాంటి నాచు మొలిచింది. పీకితే పెరిగేది. పగడాల మీదికి పాకి అవి విచ్చుకోకుండా చేసింది. యూసుఫ్ సాబ్ నన్ను తిట్టలేదు. తినగా మిగిలిన మేత కుళ్లి ఆ నాచుకు ఎరువవుతుందని, మనం చేపలకు వేస్తున్నామనుకున్నది నాచుకు వేస్తున్నామని వివరించాడు. మేత తగ్గించాం. ఉన్న నాచు పోవడానికి ఒక టాంగ్ తెద్దామన్నాడు. అది తింటుంది కదా, ఇక బాధ లేదన్నాను నేను తేలిగ్గా.

"నాచు తింటదని తెస్తున్నం గానీ, నాచు అయిపోయినంక గూడ దానికి ఆకలైతది. గది యాదికుంచుకో" అన్నాడు.

చేప హైదరాబాద్ నుంచి థర్మోకోల్ డబ్బాలో, గాలి నింపిన సంచిలో వచ్చింది. గోధుమరంగు ఒళ్లు, నిలువు చారలు, రెక్కలు విప్పితే తెరచాపలా ఇంతయ్యేది. వచ్చిన వెంటనే తొట్టిలో వేస్తాడని నేను ఎదురుచూశాను. ఆయన వేయలేదు. వెనక గదిలో వేరే చిన్న తొట్టి పెట్టి ఆరువారాలు అందులోనే ఉంచాడు. కొత్త చేప ఒంటిమీద కంటికి కనబడని పురుగు ఉండొచ్చని, అది ముదిరితే ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు వస్తాయని, ఈ జాతికి ఆ రోగం తొందరగా అంటుకుంటుందని చెప్పాడు. ఒకసారి పగడాలున్న తొట్టిలో ఆ పురుగు చేరితే మందు వేయడానికి ఉండదు. మందుకు పురుగుతోపాటు పగడాలూ చస్తాయి. చేపలన్నింటినీ తీసేసి రెండు నెలలకు పైగా తొట్టిని ఖాళీగా ఉంచితే తప్ప ఆ పురుగు పోదు. ఇవన్నీ నాకు ఆయన ఎంత వివరంగా చెప్పాడంటే, తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు ఆ తర్వాత దారే లేకపోయింది.

తోక మొదట్లో దానికి చిన్న కత్తిలాంటి ముల్లు ఉంటుంది. పెద్ద తొట్టిలోకి మార్చేరోజు అది యూసుఫ్ సాబ్ బొటనవేలిని చీరింది. ఆయన రక్తం తుడుచుకుంటూ దానికి జర్రాహ్ అని పేరు పెట్టాడు. ఉర్దూలో ఆపరేషన్లు చేసేవాడని అర్థమట. నాకేమో అది మన "జర్ర"లా వినబడింది. కొంచెం, చిన్నది అనుకుని జర్రా సాబ్ అని పిలిచాను. ఆయన చాలాసేపు నవ్వి, ఆ పేరే ఉండనిచ్చాడు.

జర్రా సాబ్ పొద్దున దీపం వెలగగానే మేతకు దిగేది. రాయి తర్వాత రాయి, గొర్రె చేను మేసినట్టు మేసుకుంటూ పోయేది. నెలన్నరలో రాళ్లు తేటపడ్డాయి, పగడాలు మళ్లీ విచ్చుకున్నాయి. నాచు అయిపోయాక యూసుఫ్ సాబ్ ఎండిన సముద్రపు ఆకు తెప్పించి క్లిప్పుకు గుచ్చి అద్దానికి తగిలించేవాడు. అది దొరకని రోజుల్లో పాలకూరను వేడినీళ్లలో ముంచి పెట్టేవాడు. ఆయన మెట్లెక్కే చప్పుడుకే అది ఆ మూలకు వచ్చి నిలబడేది. అలా మూడేళ్లు గడిచాయి. ఆ మూడేళ్లూ నా జీవితంలో మంచివి. నాకు ఒక పని వచ్చిందని, ఆ పనిలో నా మాటకు విలువ ఉందని తెలిసిన రోజులవి. ఎవరైనా ఇంటికి వచ్చి తొట్టిని మెచ్చుకుంటే ఆయన నావైపు చూపించి, "నీళ్లు లావణ్యవి. నేను ఉత్తగ చూస్త" అనేవాడు.

నాలుగో ఏడాది ఎండాకాలంలో ఆయనకు గుండె ఆపరేషన్ చేయాలన్నారు. హైదరాబాద్‌లో దాదాపు నెల ఉండాలి. రజియమ్మ వెంట పోవాలి. ఇంటి తాళాలు నా చేతిలో పెట్టి, నీళ్లు చూసుకుంటే చాలు, చేపలు వాటంతట అవే ఉంటాయన్నాడు. ఆపరేషన్ అయిన వారానికి చూడటానికి పోయాను. మంచంలో చిన్నగా కనబడ్డాడు. నా ఆరోగ్యం అడిగి, వెంటనే జర్రా సాబ్ తింటోందా అని అడిగాడు. తింటోందన్నాను. ఆ ముఖంలో కదిలిన వెలుగు చూసి నాకు ఒక ఆశ పుట్టింది. తిరిగొచ్చేదారిలో చేపల దుకాణానికి పోయాను. అక్కడ లేత నీలం ఒళ్లు, పసుపు వీపురెక్క ఉన్న టాంగ్ ఉంది. అంత అందమైన చేపను నేను చూడలేదు. ఈ జాతి కావాలని ఎన్నేళ్లుగానో అనుకుంటున్నానని యూసుఫ్ సాబ్ ఒకసారి అన్నాడు. ఇంటికి రాగానే ఆయన దాన్ని చూడాలి, అది నేను తెచ్చిందై ఉండాలి.

ఆరువారాలు వేరుగా ఉంచాలని నాకు తెలుసు. కానీ ఆయన మూడు వారాల్లో వస్తాడు. వెనక గది తొట్టిలో ఉన్న చేపను చూపిస్తే ఆ సంతోషం ఎక్కడిది? దుకాణంలో అది బాగానే తింటోంది, ఒంటిమీద మచ్చ కూడా లేదు అని నాకు నేను చెప్పుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం పెద్ద తొట్టిలో వదిలాను.

ఆరోరోజుకు నీలి చేప రెక్కల మీద ఉప్పు చల్లినట్టు మచ్చలొచ్చాయి. దానికి రెండు రోజుల తర్వాత జర్రా సాబ్ రాళ్లకు ఒళ్లు రుద్దుకోవడం మొదలుపెట్టింది. ఆకు తగిలిస్తే దగ్గరికి వచ్చి కొరకకుండా వెనక్కి పోయింది. దాని మొప్పలు గబగబా కొట్టుకోవడం అద్దం అవతల నిలబడి చూశాను. ఆయనకు ఫోన్ చేస్తే ఏం చేయాలో చెప్పేవాడు. ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను, చేయలేదు. ఆపరేషన్ అయిన మనిషిని కంగారు పెట్టకూడదని సాకు చెప్పుకున్నాను. వారంలోపల రెండూ చచ్చిపోయాయి. నారింజ చేపలు రెండూ బతికాయి.

అదే వారంలో ఒకరోజు మధ్యాహ్నమంతా కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద తొట్టి నడిచింది, నీళ్లు కొంచెం వేడెక్కాయి, అంతే. ఆ కాస్త వేడిని నేను పెద్దది చేశాను. వేడి ఇరవై తొమ్మిది డిగ్రీలని మీటర్ చూపిస్తే నోటుబుక్కులో ముప్పై నాలుగు అని రాశాను. నీలి చేప మాట ఎక్కడా రాయలేదు. అది ఆ ఇంటికి వచ్చిందని నాకు తప్ప ఎవరికీ తెలియదు.

యూసుఫ్ సాబ్ వచ్చి చెప్పులు విప్పకుండానే జర్రా సాబ్ లేని తొట్టి ముందు కూర్చున్నాడు. నోటుబుక్కు అడిగి ఆ పేజీ చదివాడు. నా కళ్లలో నీళ్లున్నాయి. అవి ఎందుకో ఆయన ఇంకోలా అనుకున్నాడు. నా తలమీద చెయ్యిపెట్టి, "కరెంటు మన చేతుల లేదు బిడ్డా. నువ్వేం చేస్తవ్" అన్నాడు.

అప్పుడే చెప్పి ఉంటే ఆ రెండు చేపలు చచ్చిన తప్పుతో పోయేది. నేను చెప్పకపోవడంతో ఆయన నా అంకెను నమ్మి దానికి విరుగుడు మొదలుపెట్టాడు. ఇంకో బ్యాటరీ పెట్టించాడు. ఆ గదికి ఏసీ బిగించాడు. బరువులెత్తొద్దని డాక్టర్లు చెప్పినా వినకుండా తొట్టి మీద తనే ఫ్యాన్లు కట్టాడు. ఆయన స్టూలెక్కితే నేను కింద స్టూలు పట్టుకున్నాను. వర్షాకాలం పోయాక ఇంకో టాంగ్ తెప్పించాడు, జర్రా సాబ్ జాతిదే. ఆరువారాలు వెనక గదిలో ఉంచి ఒక్కరోజు కూడా తగ్గించలేదు.

దాన్ని పెద్ద తొట్టిలోకి మార్చిన రోజు నాకు నిమిషం నిమిషం గుర్తుంది. బకెట్లో చేప, పైనుంచి సన్నని గొట్టంలో తొట్టినీళ్లు చుక్కచుక్కగా పడుతున్నాయి. ఆయన బకెట్ పక్కన నేలమీద కూర్చుని రెండు గంటలు చుక్కలు చూశాడు. నేను తువ్వాల పట్టుకుని నిలబడ్డాను. ఆ నీళ్లలో పురుగు ఉందని, నారింజ చేపలు చావకపోయినా దాన్ని మోస్తూనే ఉంటాయని నాకు తెలుసు. ఒక్క మాట చాలు. ఇవాళ వద్దు సాబ్ అంటే చాలు. ఆయన చేపను చేతులతో మెల్లగా లోపలికి వదిలి, ఎట్లున్నదని నన్ను అడిగాడు.

"మంచిగున్నది సాబ్" అన్నాను.

తొమ్మిదోరోజుకు మచ్చలు కనబడ్డాయి. అది పోయాక యూసుఫ్ సాబ్ పాత నోటుబుక్కులన్నీ ముందేసుకుని రెండు రోజులు చదివాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. కరెంటు పోయిన ఆ ఒక్కరోజు తప్ప వేడి సరిగ్గా ఉంది, ఉప్పు సరిగ్గా ఉంది, ఆరువారాలూ పూర్తయ్యాయి. దొరకని తప్పును చివరికి ఆయన తన మీదే వేసుకున్నాడు. ఆపరేషన్ తర్వాత తన చూపు, చెయ్యి మునుపటిలా లేవని, చిన్న తొట్టిలో మచ్చలున్నా తనకే కనబడలేదేమోనని అన్నాడు. "ఇగ నాకు చేతనైతలేదు" అని రజియమ్మతో అంటుంటే మెట్ల మీద నిలబడి విన్నాను. పగడాలను, నారింజ చేపలను హైదరాబాద్‌లో తెలిసినవాళ్లకు ఇచ్చేశాడు. నీళ్లు తోడేసే పని నాకే చెప్పాడు. కొన్నాళ్లకు రజియమ్మ ఆ ఎండిన తొట్టిలో చలికాలపు దుప్పట్లు మడిచిపెట్టింది.

జర్రా సాబ్ చచ్చిన పదకొండు నెలలకు చెప్పాను. ప్రత్యేకంగా ఏమీ జరగలేదు ఆ రోజు. ప్లాంటులో ఇద్దరమే ఉన్నాం. ఆయన మెట్లెక్కబోయి ఆగి, కాసేపు రెయిలింగు పట్టుకుని నిలబడి, పైకి పోవడానికి ఏముందిలే అన్నట్టు మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఇక నేను ఆగలేకపోయాను. నీలి చేప నుంచి ముప్పై నాలుగు దాకా అంతా చెప్పాను.  అంతా విన్నాక ఆయన మడిచిన చొక్కా చేతులు రెండూ నెమ్మదిగా కిందికి దించుకుని గుండీలు పెట్టుకున్నాడు.

"మొదటిది తప్పు బిడ్డా. ఎవరైనా చేస్తరు. రెండోదాన్ని నేను నీళ్లల్ల ఏస్తుంటే నువ్వు చూసుకుంట నిలబడ్డవ్" అన్నాడు.

అంతకంటే ఏమీ అనలేదు. ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. పనిలోంచి తీసేయలేదు. మా నాన్న మోకాళ్ల నొప్పి గురించి అడగడం మానలేదు. పండుగకు షీర్‌ఖుర్మా పాయసం డబ్బా పంపడం మానలేదు. ఒక్కటే మారింది. నేను మీటర్ చూసి అంకె రాశాక, ఆయన నిదానంగా లేచి వచ్చి తనూ ఒకసారి ముంచి చూసేవాడు. నా అంకె సరిగ్గానే ఉండేది. రోజూ సరిగ్గానే ఉండేది. అయినా రోజూ చూసేవాడు. దానికి నేను నొచ్చుకోవడానికి కూడా హక్కు లేదు.

తొట్టి మళ్లీ పెడదామని రెండుసార్లు అడిగాను. ఖాళీగా ఉంది కాబట్టి ఇప్పుడు పురుగు భయం లేదని, కష్టమంతా నేనే చేస్తానని అన్నాను. చూద్దామన్నాడు. చూడటానికి ఆయనకు ఇంకో ఏడాదే మిగిలింది. పసుపు బళ్లు రోడ్డుకు అడ్డంగా నిలిచే రోజుల్లో, ఒక మధ్యాహ్నం కుర్చీలోనే పోయాడు.

నలభై రోజులయ్యాక రజియమ్మను చూడటానికి పోయాను. బోధన్‌లో ఉన్న కూతురి దగ్గరికి పోవడానికి సామాన్లు సర్దుతోంది. దుప్పట్లు బయటికి తీసి తొట్టిని ఖాళీ చేస్తూ దాన్ని ఏం చేయాలో నన్ను అడిగింది. నేను తొట్టి అద్దం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. అది చూసి, తనే నన్ను ఓదార్చడం మొదలుపెట్టింది. సాబ్ ఎప్పుడూ నా గురించి చెప్పేవాడట. చివరి నెలల్లో కూడా ఎవరో తొట్టి ఎందుకు తీసేశారని అడిగితే, లావణ్య చేపలను కంటికి రెప్పలా చూసుకుంది, కరెంటే మోసం చేసిందని చెప్పాడట.

ఈసారి నేను ఆలస్యం చేయలేదు. "కరెంటు కాదమ్మా, నేను" అని అక్కడే నేలమీద కూర్చుని మొత్తం చెప్పాను. ఆమె చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని విన్నది.

"ఆయనకు ఎరుకేనా?" అంది.

ఎరుకేనని, ఏడాది కింద నేనే చెప్పానని అన్నాను. ఆమె దుప్పటి అంచు సర్దింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

"నలభై ఏండ్లల్ల నాతోని ఒక్క అబద్ధం చెప్పలే ఆ మనిషి" అంది మెల్లగా. "నీ కోసం ఏడాదంత చెప్పిండు."

నేనిప్పుడు జక్రాన్‌పల్లి దగ్గర ఒక ప్లాంటులో నీళ్ల పరీక్షలు చూస్తున్నాను. అంకె బాగాలేకపోతే వెంటనే చెప్తాను, నా తప్పయితే ఇంకా ముందు చెప్తాను. నిజాయితీగా ఉంటానని అక్కడ నాకు మంచి పేరుంది. ఆ మాట ఎవరన్నా నేను తల దించుకుంటాను. వాళ్లు అణకువ అనుకుంటారు. ఆ మంచితనం నాకు ఎక్కడిదో, అది ఇచ్చిన మనిషితో నేను ఏం చేయించానో వాళ్లకు తెలియదు.